పిడుగురాయి నకలు: గుంటూరులో ఒక రాతి గొడ్డలి తయారీ డైరీ

చేయాల్సిన పని ఇది. క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా మన దక్కన్‌లో ఆవుల్ని మేపుకుంటూ, పెసలు, ఉలవలు పండించుకుంటూ బతికిన కొత్తరాతియుగం మనుషులు వాడిన నునుపు రాతి గొడ్డలి లాంటిది ఒకటి తయారు చెయ్యాలి. దానితో ఒక పచ్చి చెట్టు కొట్టి పడెయ్యాలి. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. కాబట్టి పని సాయంత్రాలూ, ఆదివారాలే. చేసే చోటు మా మేడ.

పెట్టుకున్న నియమాలు:

1. రాతి పని మొత్తం రాతితోనే. ఇనుప ఉలి, గ్రైండర్ ముట్టుకోకూడదు.
2. గొడ్డలి కామ మాత్రం వడ్రంగి ఉలితో చేయించవచ్చు. అందుకని కామకు పట్టిన గంటల్ని పాతకాలపు లెక్కగా ఎవరూ తీసుకోవద్దు.
3. పురావస్తు స్థలాల్లోంచి రాయి తేకూడదు. అక్కడ నేల మీది చిన్న పెచ్చు కూడా ఆధారమే. రక్షిత స్థలాల నుంచి ఏరుకురావడం చట్టరీత్యా కూడా తప్పు.
4. కూర్చున్న ప్రతిసారీ టైము, బరువు రాయాలి. తూకం వంటింటి డిజిటల్ కాటాతో. అది 5 కిలోల దాకా తూస్తుంది, 1 గ్రాము తేడా చూపిస్తుంది.

ఇది చదివి ఎవరైనా మొదలుపెట్టేట్టయితే ముందు కళ్ళద్దాలు, మాస్కు కొనండి. రాతి పెచ్చు బ్లేడులా కోస్తుంది. రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే వెనక్కి రాదు. క్వారీ పనివాళ్ళను పట్టి పీడించే సిలికోసిస్ ఈ పొడి వల్లే వస్తుంది. అరగదీసే పని ఎప్పుడూ తడి మీదే చెయ్యాలి.

దశ 1: గ్రానైట్ షాపు ముక్క (పనికిరాలేదు)

జనవరి 11

షాపు వెనక గుట్టలోంచి నల్లటి పలక ముక్క 100 రూపాయలకు తెచ్చాను. చీమకుర్తి నల్లరాయే. వ్యాపారంలో అన్నిటినీ గ్రానైట్ అంటారు కానీ ఈ నల్లవి గాబ్రో జాతివి, గొడ్డళ్ళకు వాడిన డోలరైట్ అనే గట్టి నల్లరాయికి దగ్గరి చుట్టాలు. రాయి మంచిదే, ఆకారమే పనికిరాలేదు.

మిషన్‌తో కోసిన పలక అంచు సరిగ్గా 90 డిగ్రీలు ఉంటుంది. పెచ్చు లేవాలంటే కొట్టే తలానికీ పెచ్చు ఊడే తలానికీ మధ్య కోణం 90 కన్నా తక్కువుండాలి. లేకపోతే దెబ్బ బలం పెచ్చుగా బయటికి రాదు, రాయి లోపలికి పోతుంది. పైగా పాలిష్ మీద గులకరాయి జారుతోంది. 2 గంటల 40 నిమిషాలు కొట్టాక పలక నడిమికి రెండు ముక్కలైంది.

ఇప్పటిదాకా: 2 గం. 40 ని. ఖర్చు 620 (పలక 100, అద్దాలు, మాస్కు, గ్లవుజులు 520).

దశ 2: క్వారీ రాయి (ఇదీ పోయింది)

జనవరి 18 నుంచి 29

కంకర క్వారీ పక్కన పారేసిన నల్లరాయి ఒకటి ఆటోలో వేయించుకొచ్చాను. ఏ రాయో తెలుసుకోవడానికి సాంద్రత చూశాను. ఈ పద్ధతి అందరికీ పనికొస్తుంది:

1. రాయిని పొడిగా తూచి రాసుకోండి.
2. కాటా మీద నీళ్ళ బకెట్ పెట్టి సున్నా చెయ్యండి.
3. రాయిని దారంతో కట్టి పూర్తిగా ముంచండి. అడుగుకు, గోడకు తగలకూడదు.
4. ఇప్పుడు కాటా చూపించే గ్రాములే రాయి ఘనపరిమాణం.
5. మొదటి అంకెను రెండోదానితో భాగించండి.

మామూలు గ్రానైట్ 2.65 దగ్గర వస్తుంది. డోలరైట్ 2.9 నుంచి 3.0. నాది 2.93 వచ్చింది.

పెచ్చులు బాగానే లేచాయి. 2 గంటల 20 నిమిషాల్లో ఆకారం దాదాపు వచ్చేసింది. తర్వాత గంట్లు కొట్టడం (గులకరాయితో చిన్న దెబ్బలు వేసి మిట్టలు పొడి చెయ్యడం) మొదలుపెట్టి 5 గంటల 10 నిమిషాలు అయ్యేసరికి, మామూలు దెబ్బకే అడ్డంగా విరిగింది. విరిగిన ముఖంలో సగం తాజా నలుపు, మిగతా సగం తుప్పు రంగు. అంటే ఆ పగులు పాతదే, నేను తెచ్చేనాటికే రాయిలో ఉంది. మందుపెట్టి పేల్చిన రాయిలో కంటికి కనపడని పగుళ్ళుంటాయని అప్పటికి నాకు తెలియదు.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, రాయినీ అలాగే తాడుతో వేలాడదీసి గులకరాయితో తట్టాలి. ఖంగుమంటే గట్టిది, డబ్బుమంటే లోపల చీలిక ఉంది. విరిగిన రెండు ముక్కల్నీ తట్టి చూశాను. ఒకటి మోగింది, ఒకటి మోగలేదు. బళ్ళారి దగ్గర కుప్గల్ కొండ మీద డోలరైట్ బండలు కొడితే గంటల్లా మోగుతాయి, వాటి మీద కొట్టిన గుర్తులు కూడా ఉన్నాయి. ఆ కొండనే హిరేగుడ్డ అని కూడా అంటారు, పక్కనే సంగనకల్లు. దక్షిణాదిలో డోలరైట్ గొడ్డళ్ళు పెద్ద ఎత్తున తయారైన చోటు అది. రాయి మోతను అంత బాగా ఎరిగిన వాళ్ళు మోగని రాయి మీద 5 గంటలు పెట్టి ఉండరనుకుంటున్నాను.

ఇప్పటిదాకా: 10 గం. 10 ని. ఖర్చు 920.

దశ 3: పొలంగట్టు రాయి, పెచ్చులు

ఫిబ్రవరి 8, 9

వినుకొండ వైపు మా మరిది పొలంగట్టున పడి ఉన్న రాళ్ళలోంచి 6 ఏరాం. తట్టి చూస్తే 2 మోగాయి. అందులో పొడుగ్గా ఉన్నదాన్ని తీసుకున్నాను.

బరువు 1,840 గ్రాములు, నీళ్ళలో 622. సాంద్రత 2.96.

ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి పడి ఉన్న రాయి కాబట్టి పైన 4, 5 మిల్లీమీటర్ల గోధుమరంగు తొక్క ఉంది. అది మెత్తన. దాన్ని మొత్తం తీసేస్తే తప్ప లోపలి గట్టి నలుపు రాదు. కానీ సహజంగా గుండ్రంగా ఉండటం వల్ల 90 కన్నా తక్కువ కోణాలు వెతుక్కోనక్కర్లేదు. కొట్టే రాయి 450 గ్రాముల క్వార్ట్‌జైట్ (చాలా గట్టి రాయి) గులక, మాచర్ల వైపు వాగులో ఏరింది. 3 గంటల 10 నిమిషాల్లో 1,840 కాస్తా 940 అయింది. సగం రాయి పెచ్చుల్లో పోయింది.

ఆ పెచ్చుల్ని ఎక్కడ పడితే అక్కడ పారెయ్యొద్దు. రేపు ఎవరో తవ్వి, ఇక్కడ 4 వేల ఏళ్ళ కిందటి వాళ్ళు ఉన్నారనుకునే ప్రమాదం ఉంది. నావన్నీ ప్లాస్టిక్ సంచీలో వేసి, ఈ ఏడాది ముద్ర ఉన్న రూపాయి నాణెం అందులో పెట్టి మూటకట్టాను.

ఆ సాయంత్రం మా అత్తయ్య ఆ ముడి ఆకారాన్ని చూసి, "ఇది పిడుగురాయిలా ఉందే" అన్నారు. ఆవిడ పుట్టింటి ఊళ్ళో వేపచెట్టు కింద అమ్మవారి దగ్గర ఇలాంటి నున్నటి నల్లరాయి ఉండేదట. పిడుగుతో పాటు పడిందని పసుపు రాసేవారట. దుక్కిలో బయటపడ్డ రాతి గొడ్డళ్ళను పిడుగుతో పడ్డ రాళ్ళనుకోవడం యూరప్‌లోనూ ఉంది, ఆసియాలో చాలా చోట్లా ఉంది. మనిషి చేసిన వస్తువని మరిచిపోయేంత కాలం గడిచింది, అంతే. గుంటూరు నుంచి మాచర్ల పోయే బస్సులో పిడుగురాళ్ళ బోర్డు ఎన్నిసార్లు చదివానో. ఈసారి చదివినప్పుడు ఆ పసుపు రాసిన రాయి గుర్తొచ్చింది.

ఇప్పటిదాకా: 13 గం. 20 ని. ఖర్చు 920.

దశ 4: గంట్లు కొట్టడం

ఫిబ్రవరి 10 నుంచి మార్చి 6

ఇక్కడ తొందరపడితే అంతా పోతుంది. పెచ్చులు తీశాక రాయి మీద మిట్టపల్లాలుంటాయి. వాటిని నేరుగా అరగదీస్తే నెలలు పడుతుంది. కాబట్టి గట్టి గులకరాయితో నిలువుగా, చిన్న చిన్న దెబ్బలు కొట్టి మిట్టల్ని పొడి చేసుకుంటూ పోవాలి.

మొదటి 3 రోజులు ఫలితం ఏమీ లేదు. 1,000 దెబ్బలు లెక్కపెట్టి కొట్టి తూస్తే 3 గ్రాములు తగ్గింది. మణికట్టు వాచింది. కింది వాటా వాళ్ళు చప్పుడు భరించలేమన్నారు, వాళ్ళది న్యాయమే. గోనెసంచీలో ఇసుక నింపి దాని మీద రాయి పెట్టాను. చప్పుడు సగానికి తగ్గింది. రాయికి కింద మెత్తగా ఉండటం వల్ల విరిగే భయం కూడా తగ్గింది. గచ్చు మీద పెట్టి మాత్రం ఎప్పుడూ కొట్టకండి. కింద నుంచి ఎదురుదెబ్బ తగిలి రాయి నడుం విరుగుతుంది.

ఫిబ్రవరి 16 ఉదయం వీధిలో కేక వినపడింది. "రోళ్ళకు గంట్లు కొడతాం, తిరగళ్ళకు గంట్లు కొడతాం." మిక్సీలు వచ్చాక ఆ కేక ఏడాదికొకసారి వినపడితే గొప్ప. పరుగున దిగాను.

"బాబాయ్, రోలు లేదు గానీ, ఒక రాయికి గంట్లు కొట్టడం నేర్పుతావా?"

పైకి వచ్చి నా రాయిని అటూ ఇటూ తిప్పారు. నేను కొట్టిన చోట వేలితో తడిమారు.

"ఎక్కడ పడితే అక్కడ పొడిచావమ్మా. వరస లేదు."

ఆయనకు క్వార్ట్‌జైట్ గులకరాయి ఇచ్చాను. కాసేపు బరువు చూసుకుని, గుండ్రటి వైపు వదిలి కాస్త మొన ఉన్న వైపు తిప్పుకున్నారు. తర్వాత చూపించారు. రాయిని గట్టిగా పట్టుకోలేదు. మూడు వేళ్ళ మధ్య వదులుగా ఉంచి పైనుంచి పడనిచ్చారు. రాయి ఎగిరి దానంతట అదే వేళ్ళలోకి వస్తోంది. ప్రతి దెబ్బకూ చీమ తలంత తెల్ల మచ్చ పడుతోంది. పక్క దెబ్బ ఆ మచ్చను ఆనుకుని పడుతోంది కానీ దాని మీద పడటం లేదు. ఒక వరస అయ్యాక రెండో వరస మధ్య ఖాళీల్లో. నాగలిచాళ్ళు వేసినట్టు ఉంది.

"ఒకే చోట కొడితే పిండి అక్కడే మెత్తలాగా ఉండి దెబ్బ తినేస్తుందమ్మా. పిండి ఊదుకుంటా పోవాలి. చెయ్యి బిగబట్టకు, రాయి బరువే కొడుతుంది."

నేను నేర్చుకున్నది క్లుప్తంగా:

1. 300 నుంచి 450 గ్రాముల క్వార్ట్జ్ లేదా క్వార్ట్‌జైట్ రాయి. కాస్త మొన ఉండాలి. మొన చదునైతే తిప్పాలి, అన్ని వైపులా చదునైతే మార్చాలి. నాకు 4 రాళ్ళు అరిగాయి.
2. దెబ్బ నిలువుగా పడాలి. ఏటవాలుగా పడితే పెచ్చు లేచి, మళ్ళీ పల్లం పడుతుంది.
3. వరసలుగా, ఎడమ నుంచి కుడికి. ప్రతి 50 దెబ్బలకూ తడిబట్టతో పిండి తుడవాలి. నోటితో ఊదొద్దు, పొడి ఎగురుతుంది. ఆయనతో కూడా ఈ మాట చెప్పాను, మాస్కులు ఇచ్చాను.
4. పదును రావాల్సిన అంచుకు 15 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోవాలి. అంచు దగ్గర గంట్లు కొడితే విరుగుతుంది, అది అరగదీసే తీసుకురావాలి.

అర పూట కూర్చున్నందుకు 600 ఇచ్చాను. ఆ రోజు నుంచి నాకు 1,000 దెబ్బలకు 6 గ్రాములు పోవడం మొదలైంది. రెట్టింపు. సగటున 5 అనుకుంటే, 940 నుంచి 660కి రావడానికి సుమారు 56,000 దెబ్బలు పడ్డాయి. 14 గంటల 30 నిమిషాలు.

ఇప్పటిదాకా: 27 గం. 50 ని. ఖర్చు 1,520.

దశ 5: అరగదీయడం

మార్చి 8 నుంచి 30

ఎత్తుగడలోనే రెండు పొరపాట్లు.

మొదట బట్టలుతికే నాపరాయి మీద రుద్దాను. మన పల్నాటి నాపరాయి సున్నపురాయి జాతిది, డోలరైట్ కన్నా చాలా మెత్తన. 45 నిమిషాల తర్వాత బండ మీద వేలు పట్టేంత చాలు పడింది. గొడ్డలి బరువు మాత్రం గ్రాము కూడా తగ్గలేదు.

తర్వాత గంధం తీసే సానరాయి 350 పెట్టి కొన్నాను. ఇది ఇసుకరాయి, అరుగుదల వచ్చింది. కానీ రాయి సన్నది, చిన్నది. 2 గంటలకు 4 గ్రాములు.

చివరికి పాత ఇల్లు పడగొట్టిన చోట గ్రానైట్ మెట్టు రాయి దొరికింది. దాని మీద కృష్ణ ఇసుక, నీళ్ళు. ఇక్కడ అరగదీసేది బండ కాదు, ఇసుక. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో ఇసుకలోని క్వార్ట్జ్ 7. డోలరైట్‌లో ఉండే ముఖ్య ఖనిజాలు 5 నుంచి 6.5 మధ్య. ఆ తేడా మీదే మొత్తం పని నడుస్తుంది. సంగనకల్లు దగ్గర గ్రానైట్ బండల మీద గొడ్డళ్ళు రుద్దిన చాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అది తెలిసి కూడా నేను ముందు నాపరాయి దగ్గరికి పోయాను, దగ్గర్లో ఉంది కదా అని.

పద్ధతి:

1. ఇసుకను టీ వడపోతతో జల్లించి రెండు భాగాలు చెయ్యాలి. ముందు ముతక, చివర్లో సన్నం.
2. చారెడు ఇసుక, గుక్కెడు నీళ్ళు. ఎక్కువ నీళ్ళు పోస్తే ఇసుక కొట్టుకుపోతుంది.
3. గొడ్డలిని తడి గోనెముక్కతో పట్టుకోవాలి. లేకపోతే వేళ్ళ చర్మం ముందు అరుగుతుంది.
4. మోకాళ్ళ మీద కూర్చుని ఒంటి బరువు వేసి ముందుకు తొయ్యాలి. చేతులతో మాత్రమే రుద్దితే భుజం పోతుంది.
5. 15 నిమిషాలకొకసారి ఇసుక మార్చాలి. నలిగిన ఇసుక బురదలా జారుతుందే తప్ప కొరకదు. చప్పుడు కరకర నుంచి సరసరకు మారితే మార్చే టైము వచ్చినట్టే.

ఈ బండ మీద 10 గంటలకు 76 గ్రాములు పోయాయి. గంటకు 7.6. మొత్తం 12 గంటల 45 నిమిషాల తర్వాత గొడ్డలి 580 గ్రాములు, పొడవు 148 మిల్లీమీటర్లు, అంచు దగ్గర వెడల్పు 62, లావు 38. అంచు కోణం పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానితో 48 డిగ్రీలు వచ్చింది. వెనక కొస దాకా మొత్తం నునుపు చేశాను. తడి మీద అద్దంలా మెరిసింది. ఈ రెండు నిర్ణయాలూ, అంటే 48 డిగ్రీలూ, వెనక నునుపూ, తప్పే. తర్వాతి దశలో తెలిసింది.

ఇప్పటిదాకా: 40 గం. 35 ని. ఖర్చు 1,870.

దశ 6: మొదటి కామ

ఏప్రిల్ 5, 6

కర్ర మన ఎండకూ వానకూ చెదలకూ నిలవదు. అందుకే మ్యూజియంలో రాయి ఉంటుంది, కామ ఉండదు. స్విట్జర్లాండ్ సరస్సుల అడుగున బురదలో మునిగి ఉండటం వల్ల అక్కడి రాతి గొడ్డళ్ళ కామలు, జింక కొమ్ముతో చేసిన తొడుగులు కూడా దొరికాయి. వాటిని బట్టి, న్యూగినీ కొండల్లో 20వ శతాబ్దం దాకా రాతి గొడ్డళ్ళు వాడిన వాళ్ళ పద్ధతులను బట్టి మనం ఊహించుకోవాలి.

పచ్చి వేప కొమ్మ తెచ్చాను. లావు చివర బెజ్జం, అందులో గొడ్డలి వెనక కొస దూరుతుంది. వెనక సన్నం, ముందు లావు కాబట్టి కొట్టే కొద్దీ బిగుసుకుంటుందని లెక్క. బెజ్జం రాయికి అన్ని వైపులా అతుక్కునేలా చాలా శ్రద్ధగా తొలిపించాను. 4 గంటల 15 నిమిషాలు, వడ్రంగికి 200.

మరిది పొలంలో ఎండిన తుమ్మ మొద్దు మీద పరీక్ష. 20 నిమిషాల్లో మూడు నష్టాలు జరిగాయి. 60, 70 దెబ్బల తర్వాత రాయి బెజ్జంలో జారి ఒక పక్కకు తిరిగింది. బిగించి మళ్ళీ కొడితే అంచు నుంచి 6 మిల్లీమీటర్ల వెడల్పున పెచ్చు ఊడింది. ఇంకో పది దెబ్బలకు కామ నిలువునా చీలింది.

నాలుగు కారణాలు కనిపించాయి. పచ్చి వేప ఎండుతూ ముడుచుకుంది. బెజ్జం పక్కల్ని కూడా రాయి నొక్కడం వల్ల అది మేకులా పనిచేసి కర్రను నార వెంట చీల్చింది. 48 డిగ్రీల అంచు ఇనుముకు సరిపోతుంది కానీ రాయికి మరీ పలచన. నాలుగోది నునుపు చేసిన వెనక కొస.

ఈ నాలుగోది రూఢి చేసుకోవడానికి ఏప్రిల్ 13న నాగార్జునకొండ వెళ్ళాను. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయంతా తవ్వారు, సాగర్ నీళ్ళు నిండకముందే. బౌద్ధ స్తూపాల పేరే అందరికీ తెలుసు కానీ, అక్కడ పాతరాతియుగం పనిముట్ల నుంచి కొత్తరాతియుగం మనుషుల గుంట ఇళ్ళ దాకా బయటపడ్డాయి. లాంచీ దిగి మ్యూజియంలో రాతి పనిముట్ల అర ముందు చాలాసేపు నిలబడ్డాను. గొడ్డళ్ళలో అంచు వైపు నునుపు. వెనక్కి పోయే కొద్దీ గంట్లు, గరుకు. ఇన్నాళ్ళూ అది పూర్తి చెయ్యని పని అనుకున్నాను. బెజ్జంలో జారకుండా పట్టుకోవడానికే ఆ గరుకు వదిలారు. నేను వెనక భాగం మెరిపించడానికి దాదాపు 4 గంటలు ఖర్చుపెట్టాను. పని చెడగొట్టింది ఆ 4 గంటలే.

అదే మ్యూజియంలో ఉన్న పాతరాతియుగం చేతిగొడ్డలిని, దీన్ని కలపొద్దు. అది కామ లేకుండా చేత్తో పట్టుకునేది, పెచ్చులు తీసి వదిలేసేది, దీనికి లక్షల ఏళ్ళ ముందుది. 1863 మే 30న భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గర పల్లవరంలో గుర్తించింది ఆ కాలపు పనిముట్టు. మనవైపు చూస్తే నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. ఆ పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. ఆ బూడిద పడిన రోజు నుంచి ఇవాళ్టి దాకా 74 నిమిషాల కథ అనుకుంటే, మన నునుపు గొడ్డలి వచ్చేది చివరి 5 నిమిషాల్లో. పేలుడంత మోత లేకపోయినా, దానితో గుంజలు నరికి దొడ్లు కట్టారు, పొదలు కొట్టి ఉలవలు చల్లారు. నాకు అది చిన్న మార్పుగా అనిపించదు.

ఇప్పటిదాకా: 45 గం. 10 ని. ఖర్చు 2,070 (నాగార్జునకొండ ప్రయాణం కలపలేదు).

దశ 7: దిద్దుబాటు, రెండో కామ

ఏప్రిల్ 19 నుంచి మే 10

అంచు మళ్ళీ అరగదీశాను. 68 డిగ్రీలు. పొడవు 144కు, బరువు 571కు దిగింది. 1 గంట 30 నిమిషాలు. వెనక 50 మిల్లీమీటర్ల మేర మళ్ళీ గంట్లు కొట్టి గరుకు చేశాను. దానికి పట్టిన టైము కామ లెక్కలో కలిపాను.

కామలో మార్చినవి:

1. పచ్చి వేప బదులు రెండేళ్ళు ఎండిన తుమ్మ. అందులోనూ కొమ్మ చీలే చోటు, నార మెలి తిరిగి ఉండే ముక్క. అక్కడ కర్ర నిలువునా చీలదు.
2. బెజ్జంలో రాయి పైనా కిందా మాత్రమే ఆనాలి. కుడి ఎడమల పోస్టుకార్డు దూరేంత సందు వదలాలి. నొక్కుడు నార పొడవునా పడితే కర్ర ఓర్చుకుంటుంది, అడ్డంగా పడితే చీలుతుంది.
3. బెజ్జానికి పైనా కిందా నానబెట్టిన పచ్చితోలు చుట్టాను. ఎండి బిగుసుకుంది.
4. బెజ్జం పై భాగం కామ లావు కన్నా ఒకటిన్నర రెట్లు లావు ఉంచాను.

6 గంటల 20 నిమిషాలు. వడ్రంగికి 300, తోలు 150.

ఇప్పటిదాకా: 53 గం. ఖర్చు 2,520.

దశ 8: చెట్టు

మే 17

మరిది గట్టు మీది సుబాబుల్. మొదలు దగ్గర అడ్డకొలత 85 మిల్లీమీటర్లు, పచ్చిది. సుబాబుల్ మధ్య అమెరికా నుంచి వచ్చిన చెట్టు, కొత్తరాతియుగంలో ఇక్కడ లేదు. కానీ గుంటూరు, ప్రకాశం వైపు ఎవరైనా ఈ పరీక్ష మళ్ళీ చేసి పోల్చుకోవాలంటే ఇదే సులువుగా దొరుకుతుంది.

ఇనుప గొడ్డలిలా పైకెత్తి బలంగా వెయ్యకూడదు. మోచేతి నుంచి పొట్టి దెబ్బలు, 45 డిగ్రీల వాలులో, చెట్టు చుట్టూ తిరుగుతూ. పెన్సిల్ చెక్కినట్టు నడుం సన్నబడుతుంది. పెళ్ళలు పెద్దగా ఊడవు, నార నలిగి పీచులా వస్తుంది. తడి కర్రకు రాయి తగిలే చప్పుడు మెత్తగా ఉంటుంది. ఆ చప్పుడు గట్టిబడితే కోణం తప్పినట్టు.

రాతి గొడ్డలి: 412 దెబ్బలు, 9 నిమిషాల 40 సెకన్లు.
పక్కనే అదే లావు చెట్టు, మరిది ఇనుప గొడ్డలితో: 31 దెబ్బలు, 1 నిమిషం 10 సెకన్లు.

చెట్టు పడ్డాక అంచును భూతద్దంతో చూశాను. పెచ్చు ఊడలేదు. సన్నటి గీతలు అంచుకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా. కామ చీలలేదు, రాయి 2 మిల్లీమీటర్లు వెనక్కి దిగి బిగుసుకుంది. విప్పి బిగించడం, కొలతలు అన్నీ కలిపి 50 నిమిషాలు.

వెనక కొస మీద ఈ ఏడాది అంకె, 'నకలు' అన్న మాట క్వార్ట్జ్ మొనతో గీశాను. ఎవరు చేసినా ఇది తప్పనిసరిగా చెయ్యండి. మన తర్వాత దీన్ని పట్టుకునే వాళ్ళకు ఏ లేబులూ ఉండదు.

మొత్తం: 53 గం. 50 ని. ఖర్చు 2,520. ఇందులో చివరి గొడ్డలికి దశ 3, 4, 5లలో పట్టిన రాతి పని 30 గం. 25 ని. మాత్రమే.

దశ 9: రెండో రాయి

జూన్ 7

గంట్లు కొట్టే బాబాయ్ మళ్ళీ మా వీధికి వచ్చారు. గొడ్డలి చేతికిచ్చాను. అంచు మీద బొటనవేలు ఆనించి, తర్వాత వెనక్కి తిప్పి గంట్ల మీద వేలు నడిపించారు.

"ఇప్పుడు వరస కుదిరిందమ్మా. ఇక్కడ, ఈ మూల మాత్రం తొందరపడ్డావు."

ఆ మూల నేను మే 3 రాత్రి, కరెంటు పోయాక ఫోను వెలుతురులో కొట్టింది.

పొలంగట్టున మోగిన రాళ్ళు రెండు కదా. రెండోది పెచ్చులు తీసి సిద్ధంగా ఉంది, 1,010 గ్రాములు. మాస్కు పెట్టుకుని, ఇసుక సంచీ ముందు కూర్చుని ఆయనే మొదలుపెట్టారు. నేను పక్కన కూర్చుని దెబ్బలు లెక్కపెట్టాను. 1,000 దెబ్బలకు 11 గ్రాములు పోయాయి. నాకు పోయేవి 6. టైము 13 నిమిషాలు.

ఆయన వేగంతో అయితే నా మొదటి గొడ్డలి గంట్ల పని 25,500 దెబ్బలు, 5 గంటల 30 నిమిషాలు. పైన దశ 4లో రాసిన 14 గంటల 30 నిమిషాలు నేర్చుకునే చెయ్యి పట్టిన టైము.

రెండో రాయి: 999 గ్రాములు. గంట్లు 13 ని. ఖర్చు 600.